పాత టూరింగ్ సైకిలు ఫ్రేము పునరుద్ధరణ

దూరప్రయాణాలు చేసి చేసి అరిగిపోయిన ఉక్కు సైకిలు ఫ్రేమును విప్పి, పగుళ్లు వెతికి, వంకర తీసి, తుప్పు వదిలించి, కొత్త పూత వేసి మళ్లీ రోడ్డెక్కించే పనిని ఫ్రేము పునరుద్ధరణ అంటారు. వాడుకలో ‘ఫ్రేముకు రంగు వేయించడం’ అనేస్తారు. రంగు పడేది ఆఖర్న. ఫ్రేము ఎన్నేళ్లు నిలుస్తుందన్నది అంతకు ముందు జరిగిన పనిని బట్టి ఉంటుంది. ముందు ఫోర్కు కూడా ఇందులో భాగమే. చక్రాలు, గొలుసు, బ్రేకులు ఈ వ్యాసం పరిధిలోకి రావు. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని ముత్తంగి పరిసరాల పారిశ్రామిక వాడలో ఈ పనికి దొరికే పద్ధతులను దృష్టిలో పెట్టుకుని రాసిన వ్యాసం ఇది.

టూరింగ్ ఫ్రేము గుర్తులు

సామాను కట్టుకుని రోజుల తరబడి తొక్కడానికి తయారైనది టూరింగ్ సైకిలు. పందెపు సైకిలుతో పోలిస్తే దీని చైన్‌స్టేలు (పెడళ్ల దగ్గర నుంచి వెనుక ఇరుసు దాకా వెళ్లే గొట్టాలు) పొడవు. సాధారణంగా 430 నుంచి 460 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. క్యారియరుకు వేలాడే సంచులకు మడమ తగలకుండా ఉండటానికే ఆ పొడవు. యాక్సిల్ కూర్చునే డ్రాపవుట్ల దగ్గర మడ్‌గార్డుకూ క్యారియరుకూ విడివిడిగా కన్నాలుంటాయి. టైరుకూ ఫోర్కుకూ మధ్య చోటు ఎక్కువ.

మేలురకం బ్రిటిష్ ఫ్రేములకు రేనాల్డ్స్ 531 అనే గొట్టం వాడేవారు. 1935లో వచ్చిన ఈ మాంగనీసు–మాలిబ్డినం ఉక్కు గొట్టంలో గోడ చివర్ల దగ్గర దళసరిగా, నడుమ పలుచగా ఉంటుంది. పై గొట్టంలో చివర్లు 0.8 మిల్లీమీటర్లయితే నడుమ 0.5 మాత్రమే. ఇలా మందం మార్చి ‘బటెడ్’ గొట్టం లాగే పద్ధతికి 1897లోనే పేటెంటు ఉంది. ఈ 0.5 అనే అంకెను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. కింద వచ్చే హెచ్చరికల్లో సగం దాని చలవే.

మామూలు నల్ల రోడ్‌స్టరు గొట్టం దీనికి రెట్టింపుకు పైగా మందం. అందుకే ఎడ్లబండి తగిలినా ఓర్చుకుంటుంది, అందుకే సైకిలు మొత్తం 20 కిలోల దాకా తూగుతుంది.

చరిత్ర (చూ. సైకిలు పరిశ్రమ, భారతదేశం)

మన దేశంలో టూరింగ్ పేరుతో ప్రత్యేకంగా సైకిళ్లు అమ్మడం ఇటీవలి సంగతి. దూరం వెళ్లాలనుకున్నవారు ఉన్న సైకిలు మీదే వెళ్లారు. 1923లో బొంబాయి నుంచి ప్రపంచయాత్రకు ఆరుగురు పార్సీ యువకులు బయలుదేరగా, ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అనే ముగ్గురు 1928లో యాత్ర పూర్తి చేసుకుని తిరిగొచ్చారు. తెలుగునాట సైకిలు ప్రయాణ సాధనమే గాక ఒక జీవన విధానంగా కూడా నిలిచింది. పార్లమెంటుకు సైకిలు మీదే వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య పేరు చెబితే చాలు.

ఇక్కడి పాత ఇళ్లలో, తుక్కు దుకాణాల్లో దొరికే ఫ్రేములు ఎక్కువగా నాలుగైదు కార్ఖానాలవి. మద్రాసు శివారు అంబత్తూరులో 1949లో ఏర్పడిన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులిస్, బీఎస్‌ఏ, ఫిలిప్స్, అసన్‌సోల్‌లో సెన్–రాలీ కంపెనీ చేసిన రాలీ, సోనీపత్ అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో. బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్ వంటి తేలిక రకాలు టూరింగుకు కాస్త దగ్గరగా ఉంటాయి. అసలుసిసలు టూరింగ్ ఫ్రేము అంటే ఇంగ్లండు నుంచి ఎవరో తెచ్చుకున్నదే. అలాంటివి అరుదు కాబట్టి వాటి మీద చేయి వేసేముందు ఆలోచించాలి.

పూతల చరిత్ర వేరుగా నడిచింది. మొదట్లో ఫ్రేమును నల్ల ఎనామిల్‌లో ముంచి కొలిమిగదిలో కాల్చేవారు. 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ మోటారు కార్ల కోసం ‘డ్యూకో’ పేరుతో త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ రంగు తెచ్చింది. ఆ పేరు ఇక్కడ సామాన్యనామమైపోయింది. ఈనాటికీ షెడ్డులో గన్నుతో కొట్టే ఏ రంగైనా ‘డ్యూకో’యే, అందులో నైట్రోసెల్యులోజ్ ఉన్నా లేకపోయినా.

ముత్తంగి పరిసరాలు

పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ జాతీయ రహదారి, హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు కలిసేచోట ఉంది ముత్తంగి. ఒకవైపు పటాన్‌చెరు, రామచంద్రాపురం. మరోవైపు ఇస్నాపూర్, పాశమైలారం. 1960లలో బీహెచ్‌ఈఎల్ రావడంతో మొదలై, దశాబ్దాల మీద ఇదంతా కార్ఖానాల వరుస అయింది. మందుల కంపెనీలకు రియాక్టర్లు చేసేవారు, కరెంటు ప్యానెళ్లు చేసేవారు, వాటికి పౌడర్ కోటింగ్ చేసిపెట్టే జాబ్‌వర్కు షెడ్లు ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. సైకిలు కోసం ప్రత్యేకంగా వెలిసిన దుకాణం ఏదీ అక్కరలేదు. ఫ్రేముకు కావలసిన ప్రతి పనీ మరేదో సరుకు కోసం ఇక్కడ జరుగుతూనే ఉంది. సైకిలు ఫ్రేము ఆ వరుసలో దూరే చుట్టం మాత్రమే. ఈ ఏర్పాటులోని లాభనష్టాలన్నీ అక్కడి నుంచే వస్తాయి.

నార్సింగి నుంచి జిల్లాలోని కొల్లూరు దాకా, మరో పాయ నానక్‌రామ్‌గూడ వైపు, మొత్తం 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిలు దారి 2023లో మొదలైంది. పాత ఫ్రేములను బయటికి తీసేవారికి అది దగ్గర్లో ఉన్న పరీక్షాస్థలం.

విప్పడం

పాత ఫ్రేమును పాడుచేసేది తుప్పు కన్నా తొందర. సైకిలు మరల్లో కొన్ని ఉల్టా తిరుగుతాయి. ఎడమ పెడల్ ఎడమ మర. క్రాంకుల ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్‌లో, బ్రిటిష్ కొలతల ప్రకారం, గొలుసు వైపు కప్పు కూడా ఎడమ మరే. ఇది తెలియక పెద్ద పానాకు పైపు తొడిగి బిగించేవారే ఎక్కువ. అంగుళానికి 24 మరలు సాధారణ కొలత. పాత రాలీలలో 26 మరలు కనిపిస్తాయి. ఈ రెంటినీ కలిపితే కప్పు రెండు చుట్లు తిరిగి ఇరుక్కుపోతుంది.

క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను మీద సుత్తె దెబ్బ వేసేముందు క్రాంకు కింద ఇనప పైపు ముక్క ఆనించాలి. లేకపోతే ఆ దెబ్బ లోపలి ఛర్రలకు తగిలి కప్పుల్లో గుంటలు పడతాయి. సీటు గొట్టంలో అల్యూమినియం కడ్డీ ఇరుక్కుంటే నూనె పోసి రెండు మూడు రోజులు వదిలేయడమే మొదటి మందు. వెనుక చక్రం ఎడం ఎంతుందో కూడా ఈ దశలోనే కొలిచి రాసుకోవాలి. పాత టూరింగ్ ఫ్రేముల్లో అది 120 లేదా 126 మిల్లీమీటర్లు. ఇప్పటి హబ్బులు 130, 135.

చక్రం సైజు నిర్ణయమూ రంగుకు ముందే జరగాలి. పాత 27 అంగుళాల రిమ్ముకు టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు, ఇప్పుడు సులువుగా దొరికే 700సీ రిమ్ముకు 622. మార్చితే బ్రేకు రబ్బరు 4 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. దిగనప్పుడు బ్రేకు బొడిపెలు జరిపి అతికించాల్సి వస్తుంది. రంగు వేశాక ఆ సంగతి గుర్తొస్తే చేసేదేమీ లేదు.

పరీక్ష, వంకర తీయడం

ముందుగా చూడవలసిన చోటు హెడ్ గొట్టం వెనుక, కింది గొట్టం పొట్టభాగం. ఎప్పుడో గోడకో లారీకో ఎదురుగా గుద్దుకున్న ఫ్రేములో అక్కడ చిన్న ఉబ్బు ఉంటుంది. కంటికి ఆనకపోయినా బొటనవేలితో నిమిరితే తెలుస్తుంది. రంగు అక్కడ సన్నని ముడతలు పడి ఉంటుంది. ఈ ఉబ్బును లప్పం పెట్టి కప్పేసిన ఫ్రేములు చేతులు మారుతుంటాయి. అయస్కాంతం ఆనించి చూస్తే లప్పం ఉన్నచోట పట్టు తగ్గి గుట్టు బయటపడుతుంది.

నేరుగా ఉందో లేదో చూడటానికి దారం చాలు. ఒక డ్రాపవుట్‌కు కట్టి, హెడ్ గొట్టాన్ని చుట్టి, రెండో డ్రాపవుట్‌కు లాగి కట్టాలి. సీటు గొట్టం నుంచి రెండువైపులా దారానికి ఉన్న దూరం సమానంగా ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పాత కార్ఖానాల్లోనే వచ్చి ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కరలేదు. అంతకు మించితే చల్లగా ఉండగానే వంచి సరిచేయాలి. వెనుక ఎడాన్ని 126 నుంచి 130కి పెంచడమూ ఇదే పద్ధతి: ఒక్కో వైపు 2 మిల్లీమీటర్లు. ఇది ఉక్కుకు మాత్రమే వర్తిస్తుంది. అల్యూమినియం ఫ్రేమును వంచకూడదు.

పగుళ్లకు ఈ ప్రాంతంలో ఒక అదనపు సౌకర్యం ఉంది. ప్రెషర్ వెసెళ్లు చేసే షెడ్లలో వెల్డింగు తనిఖీకి ‘డీపీ టెస్టు’ రోజూ జరుగుతుంది. శుభ్రం చేసిన లోహం మీద ఎర్రటి ద్రావణం చల్లి, కాసేపాగి తుడిచి, తెల్లటి డెవలపర్ కొడతారు. పగులు ఉంటే తెల్లదనంలో వెంట్రుకలాంటి ఎర్ర గీత ఊరుతుంది. మూడు చిన్న డబ్బాలతో అయిపోయే ఈ పరీక్షను సైకిలు మరమ్మతులో వాడేవారు తక్కువ.

అతుకు విషయంలో మాత్రం ఇక్కడి నైపుణ్యమే అడ్డమయ్యే ప్రమాదం ఉంది. గొట్టాలు కలిసేచోట తొడిగే లగ్గులతో కట్టిన పాత ఫ్రేములను 900 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కరిగే ఇత్తడితోనో, అంతకన్నా తక్కువ వేడికి కరిగే వెండి మిశ్రమంతోనో అతికారు. స్టెయిన్‌లెస్ రియాక్టర్లకు అద్దంలా వెల్డింగు చేసే ఆర్గాన్ పనివాడు అదే చేత్తో పాత ఇత్తడి అతుకు మీద ఆర్క్ పెడితే, ఇత్తడిలోని జింకు మరిగి పొగలై లేస్తుంది, అతుకంతా బుడగలవుతుంది. ఇలాంటిచోట గ్యాసు మంట, ఇత్తడి కడ్డీ పట్టే పాతకాలపు వెల్డరే కావాలి. పలుచని గొట్టం మీద మామూలు ఆర్క్ వెల్డింగు అసలు పనికిరాదు, 0.5 మిల్లీమీటర్ల గోడ చిల్లు పడుతుంది.

పాత రంగు, తుప్పు తీయడం

మూడు దారులున్నాయి. చేత్తో గీకి, ఎమరీ కాగితం రుద్దడం మొదటిది. నెమ్మదైనా ఫ్రేముకు హాని లేనిది. రెండోది బ్లాస్టింగ్. ఇక్కడి యార్డుల్లో గ్రిట్ బ్లాస్టింగ్ దళసరి ప్లేట్ల కోసం అమర్చి ఉంటుంది. అదే ఒత్తిడితో బటెడ్ గొట్టాన్ని కొడితే గోడ ఇంకా పలుచబడుతుంది, లగ్గు అంచులు మొద్దుబారతాయి. ఒత్తిడి తగ్గించి, గాజు పూసల్లాంటి మెత్తని సరుకు వాడమని పక్కనుండి చెప్పాలి. మామూలు ఇసుక వాడకూడదు. దాని దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ తెస్తుంది. ఈ మాట ఫ్రేము కోసం కాక, గొట్టం పట్టుకున్న మనిషి కోసం.

మూడోది ‘సెవెన్ ట్యాంక్’ పద్ధతి. పౌడర్ కోటింగ్ షెడ్లలో సరుకును వరుసగా ఏడు తొట్లలో ముంచుతారు: నూనె తీసే వేడి క్షారం, నీళ్లు, తుప్పు తీసే ఆమ్లం, నీళ్లు, ఫాస్ఫేటు, నీళ్లు, చివర పాసివేషన్. ఫాస్ఫేటు తొట్టిలో ఉక్కు మీద సన్నని స్ఫటికాల పొర ఏర్పడి రంగుకు పట్టునిస్తుంది. ప్యానెల్ రేకుకు ఇది చక్కగా సరిపోతుంది. సైకిలు ఫ్రేము రేకు కాదు, మూసిన గొట్టాల కూర్పు. అతికేటప్పుడు వేడిగాలి పోవడానికి పెట్టిన సూదంత కన్నాల గుండా ఆమ్లం లోపలికి దూరుతుంది, కడిగే నీళ్ల తొట్టిలో మాత్రం పూర్తిగా బయటికి రాదు. తర్వాత ఓవెన్‌లో వేడెక్కగానే ఆ కన్నాల్లోంచి గోధుమరంగు చుక్కలుగా కారి కొత్త పూత మీద చారలు గీస్తుంది. కనిపించని నష్టం ఇంకా పెద్దది: మిగిలిన ఆమ్లం లోపలినుంచి గొట్టాన్ని తింటూ ఉంటుంది. అందువల్ల ముంచేముందు కన్నాలన్నీ వెతికి సుద్దతో గుర్తు పెట్టాలి. ప్రతి తొట్టి తర్వాత ఫ్రేమును తిప్పి తిప్పి లోపలిది ఒంపాలి, చివర ఎయిర్ గన్నుతో ఊదాలి. అంత ఓపిక షెడ్డులో లేకపోతే ఆమ్లం తొట్టికి పంపకపోవడమే మేలు.

ఇంటిదగ్గర చిన్న భాగాలకు సిట్రిక్ ఆమ్లం, ఆగ్జాలిక్ ఆమ్లం వాడతారు. చింతపండు రసం కూడా తుప్పు మీద పనిచేస్తుంది, ఇత్తడి బిందె తోమిన చేతులకు ఇది కొత్త కాదు. ఏది వాడినా వెంటనే కడిగి ఆరబెట్టాలి.

పూత రకాలు

పౌడర్ కోటింగులో పొడిరంగుకు విద్యుదావేశం ఇచ్చి, ఎర్తు చేసిన ఫ్రేము మీదకు చల్లి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పది ఇరవై నిమిషాలు కాలుస్తారు. పొర మందం సుమారు 60 నుంచి 80 మైక్రాన్లు. దెబ్బలకు గట్టిగా ఓర్చుకుంటుంది, థిన్నర్ పొగ లేదు, గంటల్లో పని పూర్తి. ఆ వేడికి ఇత్తడి, వెండి అతుకులకు ఏమీ కాదు. లప్పం మాత్రం బుడగలెత్తుతుంది. గుంటలో సీసం–తగరం టంకం నింపి ఉంటే అది 200 డిగ్రీలలోపే మెత్తబడి జారిపోతుంది. కాబట్టి సొట్టలున్న ఫ్రేముకు పౌడర్ సరిపడదు. దళసరి పొర కింద లగ్గుల సన్నని చెక్కుడు పూడిపోవడం మరో లోపం.

రంగు ఎంపికలోనూ చుట్టరికపు ఇబ్బంది ఉంది. జాబ్‌వర్కు షెడ్డు ఒక్క ఫ్రేము కోసం గన్ను, బూతు కడిగి రంగు మార్చదు. ఆ రోజు లైనులో ఏది నడుస్తుంటే అదే. ఇక్కడ ఎక్కువ రోజులు నడిచేది రాల్ 7032, రాల్ 7035: కరెంటు ప్యానెళ్ల బూడిదరంగులు. 1927లో జర్మనీలో 40 రంగులతో మొదలైన రాల్ పట్టిక ఇప్పుడు పాశమైలారంలో రోజువారీ భాష. ముదురు ఆకుపచ్చ కావాలంటే ఆ రంగు ఆర్డరు వచ్చేదాకా ఆగాలి. నలుపు తరచుగా నడుస్తుంది. మన పాత సైకిళ్లకు అదే అసలు రంగు కూడా కావడం అదృష్టం.

తడి రంగులో క్రమం వేరు: ఎపాక్సీ ప్రైమరు, అవసరమైనచోట లప్పం, వాటర్ పేపరుతో నున్నన, రెండు భాగాలు కలిపే పాలీయూరిథేన్ రంగు, పైన క్లియర్. ప్రైమరు మీద 320, రంగుకు ముందు 600, క్లియరుకు ముందు 800 నంబరు కాగితాలు సాధారణం. కారు డెంటింగ్–పెయింటింగ్ షెడ్లలో ఇది రోజూ చేసే పనే. పలుచని పొరలు కాబట్టి లగ్గు అంచు కత్తిలా నిలుస్తుంది. రాలీ వంటి పాత సైకిళ్ల మీద కనిపించే మెరుపు రంగు, వెండి పూత మీద పారదర్శకమైన రంగు వేయడం వల్ల వచ్చేది. అది తడి పద్ధతిలోనే సరిగ్గా కుదురుతుంది. గట్టిదనంలో ఇది పౌడర్ కన్నా తక్కువ. క్యారియర్ రాసుకునే చోట త్వరగా లేస్తుంది.

ఏ పూతకైనా మరలను కాపాడాలి. బాటమ్ బ్రాకెట్‌లో అరిగిన పాత కప్పులనే బిగించి పంపడం తేలికైన ఉపాయం. మామూలు మాస్కింగ్ టేపు ఓవెన్‌లో మాడి అంటుకుపోతుంది. వేడికి ఓర్చే పచ్చ టేపు కావాలి.

గీతలు, అక్షరాలు, బిళ్ల

గొట్టాల వెంట సాగే సన్నని బంగారు గీతలను పొడుగు వెంట్రుకల కుంచెతో ఒక్క లాగులో వేసేవారు. కుంచె కాదు, మోచేయి కదలాలి. పేరు అక్షరాలకు నీళ్లలో నానబెట్టి జార్చే స్టిక్కర్లు ఉండేవి. వీటిని క్లియర్ కోటు కింద పెట్టాలి. హెడ్ గొట్టం మీది లోహపు బిళ్లను రివెట్లు తొలిచి తీసి, రంగు అయ్యాక తిరిగి కొట్టాలి. బిళ్లను కొత్తదానిలా తోమేయడం కొందరి ముచ్చట. మసకబారిన అంచులు వదిలేయడమే అందమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఫ్రేము నంబరు సీటు లగ్గు మీదో, బాటమ్ బ్రాకెట్ కిందో చెక్కి ఉంటుంది. సైకిలు వయసుకు అదే జాతకం. దళసరి పూత దాన్ని మింగేయకముందే పెన్సిలుతో కాగితం మీద అచ్చు తీసుకోవాలి.

వాతావరణం (చూ. మెదక్ పీఠభూమి, ఋతువులు)

వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువైనప్పుడు గన్నుతో కొట్టిన లాకరు తెల్లబారుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం రంగు చుక్క ఫ్రేమును చేరేలోపే సగం ఆరి, పూత నారింజ తొక్కలా గరుకుగా వస్తుంది. లోహం వేడి, మంచు కురిసే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పూతల పరిశ్రమలో నియమం. తడి రంగుకు ఇక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు వీడిన పొద్దుటి పూట అనుకూలం. హైవే దుమ్ము అన్ని కాలాలదీ. నేల తడిపి, తలుపు మూసి కొట్టడం తప్ప వేరే దారి లేదు.

ఆరోగ్యం, పర్యావరణం (చూ. నక్కవాగు)

పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం మనకు 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది, అదీ పారిశ్రామిక రంగులకు వర్తించదు. కాబట్టి పొడిగా గీకకుండా తడిపి రుద్దాలి, పిల్లలున్న వాకిట్లో చేయకూడదు. పాలీయూరిథేన్ రంగు గట్టిపరిచే ద్రవంలోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెస్తాయి. ముక్కుకు కట్టిన చేతిరుమాలు వాటిని ఆపదు.

హ్యాండిలు, ఫోర్కు చివర్లకు వేసే పూతను వాడుకలో నికిల్ పాలీషు అంటారు. నికిల్ మీద పలుచని క్రోమియం పొర ఉంటుంది. ఆ తొట్లలోని హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. పటాన్‌చెరు కార్ఖానాల వ్యర్థాలు ఇక్కడి నక్కవాగు నీటిని ఎంత కలుషితం చేశాయో, ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా ఎలా వెళ్లిందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. వాడిన ఆమ్లాన్ని సున్నంతో విరిచినా అందులో లోహాలు మిగులుతాయి. దాన్ని కాలువలో పోయకుండా, శుద్ధి ఏర్పాటున్న షెడ్డుకే పని అప్పగించాలి.

రంగు వేయాలా, ఉన్నది నిలపాలా

సేకరణదారుల్లో దీనిపై ఏకాభిప్రాయం లేదు. అసలు రంగు ఒకసారి తీసేస్తే తిరిగి రాదని, శుభ్రం చేసి మైనం పట్టించి వదిలేయాలని ఒక వర్గం అంటుంది. నడిపే సైకిలుకు తుప్పు నుంచి రక్షణే ముఖ్యమని మరో వర్గం. గీతలూ స్టిక్కర్లూ సగానికి పైగా మిగిలి ఉంటే మొదటి వాదనకు బలం ఎక్కువ. అప్పటికే రెండుమూడు సార్లు బ్రష్షుతో పెయింటు పూసిన ఫ్రేము విషయంలో ఆ చర్చ అనవసరం.

తిరిగి బిగించడం

పూత గట్టిపడటానికి తడి రంగుకు కనీసం వారం ఇవ్వాలి. ఆపైన మరలను ట్యాపుతో శుభ్రం చేసి, హెడ్ గొట్టం, బాటమ్ బ్రాకెట్ ముఖాల మీది రంగును గీకేయాలి. కప్పులు లోహం మీదే కూర్చోవాలి. గొట్టాల లోపల అవిసె నూనె పోసి, ఫ్రేమును అన్నివైపులా దొర్లించి, మిగిలింది ఒంపేస్తే లోపలి గోడలకు పలుచని పొర ఆరి నిలుస్తుంది. బాటమ్ బ్రాకెట్ అడుగున 4 మిల్లీమీటర్ల కన్నం లేకపోతే పూతకు ముందే వేయించి ఉండాలి. సీటు గొట్టం గుండా దిగిన వాన నీరు చేరేది అక్కడికే. మొదటి వానాకాలం తర్వాత సీటు కడ్డీ తీసి, ఫ్రేమును తలకిందులు చేసి చూస్తారు: ఎర్రటి నీళ్లు రాకపోతే గ్రీజు రాసి మళ్లీ బిగిస్తారు, వస్తే నూనె పని మొదటి నుంచి చేస్తారు.